డేటన్ ఊరి సైకిలు షాపు

 

పోయిన నెల లెక్కల పరీక్షలో నాకు 11 మార్కులు వచ్చాయి. అది తెలిసి ఒక పెద్దాయన "ఇలాగే చదివితే పంచర్లు వేసుకుని బతకాల్సిందే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని మా మామయ్య సంత వీధిలో వేసేది పంచర్లే. నా ట్రంకు పెట్టె, దుప్పటి ఆ డబ్బులతో కొన్నవే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోపంతో ఇది రాయడం లేదు. తర్వాత లైబ్రరీలో రైట్ సోదరుల గురించి చదివాను. విమానం కనిపెట్టారని మనందరికీ తెలుసు. వాళ్ళు సైకిళ్ళు బాగు చేసేవారని కూడా కొందరికి తెలుసు. ఆ షాపు గురించే రాస్తాను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే పట్టణం ఉంది. విల్బర్ రైట్ 1867లోను, తమ్ముడు ఓర్విల్ 1871లోను పుట్టారు. ఇద్దరూ కాలేజీ మెట్టు ఎక్కలేదు. హైస్కూలు సర్టిఫికెట్టు కూడా తీసుకోలేదు. అయితే ఒకటి చెప్పాలి. వాళ్ళు మనలాంటి ఇంటి పిల్లలు కారు. తండ్రి బిషప్పు, ఇంటినిండా పుస్తకాలు. చదువు మానినా చదవడం మానలేదు.

మొదట అచ్చు పని చేశారు. ఆ రోజుల్లో రెండు చక్రాలూ సమానంగా ఉండే కొత్త రకం సైకిలు వచ్చి, ఊరంతా దాని పిచ్చిలో పడింది. 1892లో ఓర్విల్ 160 డాలర్లు పెట్టి కొత్త సైకిలు కొన్నాడు. విల్బర్ వేలంలో 80 డాలర్లకు పాతది కొన్నాడు. (అన్న ఎప్పుడూ పొదుపే!) స్నేహితులు తమ సైకిళ్ళు తెచ్చి "కాస్త చూడండి" అనేవారు. ఆ ఏడాదే షాపు మొదలుపెట్టారు. రిపేర్లు చేయడం, అద్దెకివ్వడం, అమ్మడం. 1896 నుంచి సొంతంగా సైకిళ్ళు తయారు చేశారు.

సైకిలు తొక్కేటప్పుడు ఎడమ పెడలు దానంతట అదే ఎందుకు ఊడదు? దాని మర తిరగ మర కాబట్టి. మా మామయ్య నాకు అయిదో తరగతిలోనే చూపించాడు. రైట్ సోదరులు 1900లో ఇలా ఊడని పెడళ్ళు తమ సైకిళ్ళకు పెట్టారు. ఊడిపోయిన పెడళ్ళు ఎన్ని బిగించి ఉంటారో!

ఇప్పుడు అసలు సంగతి. 1899లో ఒకాయన ట్యూబు కొనడానికి షాపుకు వచ్చాడు. విల్బర్ ట్యూబు తీసి ఇచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఖాళీ అట్టపెట్టెను చేతుల్లో మెలి తిప్పుతున్నాడు. దాని రెండు చివరలూ తెరిచి ఉన్నాయి. పెట్టె ఒక చివర పైకి, ఇంకో చివర కిందికి మెలి పడింది, కాని విరగలేదు. రెక్కలు కూడా ఇలా మెలి తిరిగితే ఒక పక్క పైకి లేస్తుంది, ఒక పక్క దిగుతుంది కదా అని అతనికి తట్టింది. మిగతా చాలామంది గాలిలో దానంతటదే కదలకుండా నిలిచే యంత్రం కోసం చూస్తున్నారు. సైకిలు తొక్కేవాడికి తెలుసు, సైకిలు దానంతట అది నిలబడదు, మనమే నిలబెట్టాలి. మలుపులో ఒంగాలి కూడా.

తర్వాత రెక్కల మీద గాలి ఎంత బలంగా పనిచేస్తుందో చూడాలనుకున్నారు. ముందరి వాళ్ళు వేసిన లెక్కలు సరిపోవడం లేదు. 1901లో ఒక సైకిలు హ్యాండిలు మీద మూడో చక్రాన్ని పడుకోబెట్టి బిగించి, దాని అంచుకు రెక్క ముక్కలు కట్టి వీధిలో జోరుగా తొక్కారు. చూసినవాళ్ళు ఏమనుకున్నారో! అది చాలక ఆరడుగుల పొడవు పెట్టె చేసి, ఒక వైపు ఫ్యాను పెట్టి, లోపల చిన్న చిన్న రెక్కలు నిలిపి కొలిచారు. కొలిచే తక్కెడను రంపపు బ్లేళ్ళతోను, సైకిలు పుల్లల తీగతోను చేశారు. దాదాపు రెండు వందల రకాల రెక్కలు చూశారు. ఇదంతా లెక్కలే. 11 మార్కులవాడిని కాబట్టి ఇక్కడ నాకు సిగ్గేసింది, దాచను.

ఇంకొకాయన ఉన్నాడు. అన్నదమ్ముల కంటే నాకు ఆయనే ఎక్కువ నచ్చాడు. పేరు చార్లీ టేలర్. పన్నెండేళ్ళకే బడి మానేశాడు. 1901లో గంటకు 30 సెంట్ల జీతం మీద షాపులో చేరాడు. అన్నదమ్ములు గాలి ఎక్కువగా వీచే కిట్టీ హాక్ అనే సముద్రపు ఊరికి వెళ్తే షాపు చూసుకునేది ఈయనే. విమానానికి తగిన తేలిక ఇంజను కంపెనీల వద్ద దొరకలేదు. టేలర్ షాపులో ఉన్న లేతు మిషను, డ్రిల్లింగు మిషనులతో ఆరు వారాల్లో చేశాడు! పెద్ద ప్లాన్లు లేవు. చిత్తు కాగితాల మీద బొమ్మలు గీసి బల్ల పైన గుచ్చుకునేవారు. ఇంజను ఇరుసు కోసం ఇనుప పలక మీద గీత గీసి, గీత వెంట బెజ్జాలు వేసి, ఉలీ సుత్తీతో కొట్టి విడదీసి, లేతులో తిప్పాడు. ఇంజను 12 గుర్రాల శక్తి ఇచ్చింది.

ఇంజను నుంచి ఫ్యాన్లను తిప్పేది సైకిలులో ఉన్నట్టే పళ్ళ చక్రాలు, చైన్లు. రెండు ఫ్యాన్లు ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి కాబట్టి ఒక చైనును 8 అంకెలా అడ్డంగా మెలి వేశారు. కిట్టీ హాక్‌లో పరీక్షిస్తుంటే పళ్ళ చక్రాలు మాటిమాటికీ వదులైపోయేవి. ఎంత బిగించినా అంతే. చివరికి ఏం చేశారు? సైకిలు టైరును రిమ్ముకు అంటించే సిమెంటు వేడి చేసి పోశారు. పట్టేసింది!

1903 డిసెంబరు 17న మొదటిసారి ఓర్విల్ 12 సెకన్లు ఎగిరాడు. 120 అడుగులు. అంటే మన గేటు నుంచి నీళ్ళ ట్యాంకు వరకు కూడా కాదు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు వెళ్ళాడు. మొత్తం ఖర్చు వెయ్యి డాలర్ల లోపే, అదీ సైకిళ్ళ మీద వచ్చిన డబ్బు. అదే కాలంలో ప్రభుత్వం నుంచి 50,000 డాలర్లు తీసుకున్న లాంగ్లీ అనే పెద్ద శాస్త్రవేత్త విమానం రెండుసార్లూ నదిలో పడింది.

ఆ షాపును 1936–37లో కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డు డేటన్ నుంచి విప్పించి తన మ్యూజియానికి తీసుకుపోయాడు. దాన్ని పాత పద్ధతిలో సర్దడానికి మనిషి కావాలని చార్లీ టేలర్‌ను వెతికారు. ఆయన కాలిఫోర్నియాలో ఒక విమానాల ఫ్యాక్టరీలో మామూలు కూలీగా మిషను మీద పని చేస్తూ కనిపించాడు. 1956లో చనిపోయాడు.

దసరా సెలవుల్లో ఇదంతా మామయ్యకు చెప్పాను. ట్యూబును ఆకురాయితో గీకుతూ తల ఎత్తకుండా విన్నాడు. అంతా అయ్యాక "ఆ సిమెంటు ఏ కంపెనీదిరా?" అని ఒక్కటే అడిగాడు. ఆర్న్‌స్టైన్ అని చెప్పాను. "మన దగ్గర దొరకదు" అన్నాడు.

వచ్చేటప్పుడు షాపులోంచి ట్యూబు అట్టపెట్టె ఒకటి తెచ్చాను. రెండు చివరలూ తెరిచి ఈ కాగితం కింద మేకుకు తగిలించాను. తీసి, రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా మెలి తిప్పి చూడండి. నలపకండి, ఆరో తరగతి వాళ్ళు ఇంకా చూడలేదు.