వెలుగుచున్న తెర, ఆరిన దీపము

దూరదర్శన ప్రసారమనగానే మనకు తెరయే స్ఫురించును. ప్రసార కేంద్రములో చట్రములందు, బీరువాలో పుస్తకముల వలె, పక్కపక్కన నిలబెట్టిన కార్డులు ప్రేక్షకులకు కనబడవు. ఒకటి దృశ్యమును పలు శాఖలకు పంచును. ఇంకొకటి ధ్వనిని చిత్రముతో జోడించును. కెనడాకు చెందిన రాస్ వీడియో సంస్థవారి ఓపెన్‌గేర్ చట్రములో ఇట్టివి 20 వరకు ఇముడును. చెడిన కార్డును, తక్కినవి పనిచేయుచుండగనే, ఊడదీసి మరొకటి అమర్చవచ్చును. అయితే ఏది చెడినదో ముందు తెలియవలెను గదా!

తెలుగు పాఠము చెప్పుకొను మాకు ఈ యంత్రములతో పనియేమని విద్యార్థులు నవ్వవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒకచోట ఉపగ్రహము ద్వారా వచ్చు పాఠమును విద్యార్థులతో కలిసి చూచుచుంటిమి. బోధకుని ముఖము తెరపై అట్లే నిలిచిపోయినది. పెట్టెపై పచ్చదీపము మాత్రము నిశ్చింతగా వెలుగుచుండెను. పరీక్షలకు పది దినములే గడువు. ఆ పాఠము మరల రాలేదు. సంకేతము అందుచున్నదని మాత్రమే ఆ దీపము చెప్పినది. చిత్రము కదలుచున్నదో లేదో దానికి పట్టలేదు. అందుచేతనే మంచి పర్యవేక్షణ యంత్రములు ఒక చిత్రమును దాని తరువాతి చిత్రముతో పోల్చి చూచును. నిశ్చలమైన బొమ్మ కార్యక్రమములోని భాగమే కావచ్చును గనుక కొన్ని క్షణములు వేచి, పిదప హెచ్చరించును.

ఇంతకంటె ప్రమాదకరమైనది కంటికి కనబడని లోపము. చట్రమునకు విద్యుత్తునందించు పరికరములు సాధారణముగా రెండుండును. ఒకటి ఆగినచో రెండవది భారము మోయును. చిత్రము చెదరదు, ధ్వని తగ్గదు, ఎవరును ఫిర్యాదు చేయరు. ఆ రెండవది కూడ ఆగిననాడు 20 కార్డులును ఒక్కసారిగా మూగవోవును. రక్షణకై పెట్టుకొన్న రెండవ పరికరమే మొదటిదాని లోపమును దాచిపెట్టును!

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశమున ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు దృశ్య పాఠములు ప్రసారమైనవి. అందు మన ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. ఊరి పెట్టె పలుకుచున్నదో లేదో కేంద్రమునకు దానంతట తెలియు మార్గము ఆనాడు లేదు. మనిషి కబురే ఆధారము. 1988లో వెలువడిన ఎస్.ఎన్.ఎం.పి. అను నియమావళి యంత్రముల నడుమ ఆ కబురును సాధ్యము చేసినది. కార్డు ఆపద కలిగినపుడు తానే కబురు పంపవచ్చును. కాని అది చేరినదను రసీదు మొదటి రూపములో లేదు. కావున కేంద్రము కూడ ఒక్కొక్క కార్డును నియమిత కాలమునకు ప్రశ్నించుచుండవలెను.

పెనుకొండ దుర్గము ఎక్కినవారికి దీనిని వివరించుట సులభము. బురుజుపై కావలివాడు శత్రువు వచ్చినపుడే కేకవేయుట చాలదు. జాము జామునకు కేక వినబడవలెను. వినబడలేదనగా, కావలివానికే ఏదో జరిగినది. ఉర్దూలో 'ఖబర్‌దార్' అనగా కబురు గలవాడు, జాగరూకుడు. తెలుగులో దానిని బెదిరింపుగా మార్చుకొన్నాము, పాపము! హిందూపురము నుండి ధర్మవరము వరకు మనము ప్రయాణించు రైలుమార్గమున సిగ్నలు రిలేల ధర్మమును ఇదియే: క్షేమముగా ఉన్నంతకాలము విద్యుత్తు ప్రవహించుచుండును, తీగ తెగినచో రిలే పడిపోయి ఎఱ్ఱదీపమును మిగుల్చును.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. సమానమైన రెండు బ్యాటరీలను చెరియొక డయోడు ద్వారా ఒకే బల్బునకు కలుపుడు. ఒక బ్యాటరీని తీసివేసినను బల్బు వెలుగుచునే యుండును. ఇప్పుడు ఒక్కొక్క బ్యాటరీకి ఒక చిన్న సూచక దీపమును తగిన నిరోధకముతో తగిలింపుడు. అయితే డయోడునకు ముందే తగిలింపవలెను. డయోడు దాటిన తరువాత తగిలించినచో పొరుగు బ్యాటరీయే దానిని వెలిగించును. లేని బ్యాటరీ ఉన్నదని అది చెప్పును.