ఓడల రేవు నుంచి మినుము చేల దాకా... ఘంటసాల చెప్పే పాఠం

పైరు గురించి, పురుగు మందుల గురించి చెప్పాల్సిన పేజీలో ఊరి చరిత్ర ఎందుకని మీరు అనుకోవచ్చు. చరిత్ర కూడు పెడుతుందా అని అడగనూ వచ్చు. కానీ మీ పొలంలో ఒక చెక్క ఎందుకు చౌడు పట్టింది? పక్క చేను మునగకుండా మీ చేనే ఎందుకు మునుగుతోంది? రీసర్వేలో మీ గట్టు ఎందుకు జరిగింది? ఇలాంటి ప్రశ్నలకు సగం జవాబు ఊరి చరిత్రలోనే ఉంటుంది. ఇందుకు ఘంటసాలనే ఉదాహరణగా తీసుకుందాం.

ఒకప్పుడు రేవు

మచిలీపట్నానికి పడమరగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మండల కేంద్రం ఘంటసాల. చుట్టూ వరి మాగాణులు, పంట కాలువలు. ఊళ్లో నిలబడితే సముద్రం జాడ కూడా కనపడదు. అయినా క్రీస్తు శకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలమీ ఈ తీరంలోని రేవులను పేర్కొంటూ 'కంటకోసిల' అనే వర్తక పట్టణం పేరు రాశాడు. అదే ఘంటసాల అని పండితులు తేల్చారు.

నాగార్జునకొండ శాసనం ఒకటి ఈ మాటను బలపరుస్తోంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక తాను చేయించిన పుణ్యకార్యాలన్నీ అందులో చెక్కించింది. కంటకసెలలోని మహాచైత్యం తూర్పు వాకిలి దగ్గర రాతి మండపం కట్టించడం వాటిలో ఒకటి. ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనాల్లో శివకుడు అనే 'మహానావికుడి' పేరుంది. అంటే ఓడ నడిపే పెద్ద సరంగు అన్నమాట. ఇప్పుడు ట్రాక్టర్లు తిరిగే ఊళ్లో అప్పట్లో ఓడ సరంగులు కాపురమున్నారు!

ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని పందొమ్మిదో శతాబ్దం చివర అలెగ్జాండర్ రే తవ్వించి, 1894లో ఆ వివరాలు అచ్చువేశారు. బండి చక్రానికి ఆకులు ఉన్నట్టు లోపల ఇటుక గోడలు పోసి, మధ్య ఖాళీల్లో మట్టి నింపి కట్టారు. ఇక్కడి పాలరాతి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమె మ్యూజియం దాకా వెళ్లాయి. కొన్ని ఊళ్లోని పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నాయి. ఊరి శివాలయంలో స్వామి పేరు జలధీశ్వరుడు. జలధి అంటే సముద్రం. రేవు పోయినా దేవుడి పేరులో సముద్రం మిగిలిపోయింది.

మట్టి చెప్పే కథ

మరి సముద్రం ఎటుపోయింది? అది ఎటూ పోలేదు, మన నేలే ముందుకు జరిగింది. కృష్ణమ్మ వరదకొకసారి ఒండ్రు తెచ్చి పోసింది. పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి దివిసీమను లంకగా మలిచింది. వందల ఏళ్లలో తీరం దూరమై, రేవు కాస్తా పొలమైంది. మనం దున్నే నల్లమట్టి అలా వచ్చిందే.

కాబట్టే డెల్టాలో నేల అంతా ఒక్క తీరుగా ఉండదు. పాత పాయ పారిన చోట ఇసుక తగులుతుంది, నీరు నిలవదు. వరద నీరు నిలిచి తేరుకున్న చోట బంకమట్టి ఉంటుంది. ఒకప్పుడు ఆటుపోటు ఎక్కిన చోట అడుగున ఉప్పు ఉంటుంది. ఒకే సర్వే నంబరులో ఈ మూడూ ఉండొచ్చు. 'నీరు పల్లమెరుగు' అన్నారు పెద్దలు. పాత పల్లాన్ని మనం పూడ్చినా నీరు మాత్రం మర్చిపోదు.

ఇప్పుడు కథ తిరగబడింది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక ఒండ్రులో చాలా భాగం జలాశయాల్లోనే ఆగిపోతోంది. ఒండ్రు రాని డెల్టా పెరగదు, తీరం కోతకు గురవుతుంది. నదిలో మంచినీటి ఒత్తిడి తగ్గినప్పుడు ఉప్పునీరు పాయల్లోకి, బోర్లలోకి ఎగదన్నుతుంది. నాగాయలంక, కోడూరు వైపు రైతులకు ఇది చెప్పక్కర్లేదు.

కరువు, కాలువ, ఉప్పెన

1832-33లో వచ్చిన కరువును గుంటూరు కరువు, డొక్కల కరువు అన్నారు. పక్కన కృష్ణ పారుతున్నా తిండి లేక జనం పోయారు. ఆ తర్వాత సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై, కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో 1855కు పూర్తయింది. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మన ఊళ్లు సార్వా ఊళ్లయింది ఆ కాలువల పుణ్యమే. ఇందులో ఒక వింత కూడా ఉంది. నది అవతల భట్టిప్రోలు స్తూపం రాళ్లను ఆ రోజుల్లో కాలువ పనులకే పట్టుకుపోయారు. పాత చరిత్రను పగలగొట్టి కొత్త చరిత్రకు పునాది వేశారన్నమాట.

కాలువ తిండి పెట్టింది గానీ సముద్రాన్ని ఆపలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఉప్పునీరు నిలిచిన చేలు మళ్లీ దారిలో పడటానికి ఏళ్లు పట్టింది. మీ చేలో నీళ్లు ఏ గట్టు దాకా వచ్చాయో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. అడిగి తెలుసుకోండి.

జమీందారు నుంచి కౌలుదారు దాకా

ఈ చుట్టుపక్కల చల్లపల్లి జమీందారీ నడిచింది. జమీందారీ రైతుల తరఫున పోరాడినవారిలో ఈ ప్రాంతానికి చెందిన గొట్టిపాటి బ్రహ్మయ్య ముఖ్యులు. జనం ఆయన్ను 'రైతుపెద్ద' అని పిలుచుకున్నారు. తర్వాత ఆయన శాసనమండలి అధ్యక్షులూ అయ్యారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి వచ్చింది. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. లెక్కలు చేతులు మారేటప్పుడు పాత కవిలెకట్టల్లోని సంగతులు, ఆ పెద్దలు నోటికి చెప్పే హద్దులు చాలా చోట్ల జారిపోయాయి.

నేడు చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతు. కాగితంలో పేరుండేది ఆసామిది. ఆ ఆసామి విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటాడు. నష్ట పరిహారం వచ్చినా, బ్యాంకు అప్పు కావాలన్నా ఈ తేడా దగ్గరే పని ఆగుతుంది. జమీందారు రోజుల్లో దున్నేవాడి పేరు లెక్కలో ఉండాలని మన తాతలు కొట్లాడారు. పేరు లేని వాళ్లు నేటికీ ఉన్నారు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతు సాగు హక్కు కార్డు తీసుకోవచ్చు. ఆసామిని ఒప్పించి అయినా అది చేయించుకోండి.

ఘంటసాల మరో రకంగానూ మనకు దగ్గర. వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఈ ఊళ్లోనే ఉన్నాయి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లి, మిగిలిన తేమతో, మంచుతో పండించే పద్ధతికి ఈ నల్లమట్టే ఆధారం. పల్లాకు తెగులు తట్టుకునే జి.బి.జి-1 మినుము రకం ఘంటసాల స్థానం నుంచే వచ్చింది. వేల ఏళ్ల ఒండ్రు, నిన్నటి పరిశోధన ఒకే చేలో కలిశాయి.

మీ ఊరి చరిత్ర మీరే రాసుకోండి

ఇంగ్లాండులో 1086లోనే రాజు విలియం ఊరూరా ఎన్ని నాగళ్లు, ఎన్ని మరలు, ఎంత పచ్చిక బీడు ఉందో రాయించాడు. చిన్న చిన్న పల్లెలు కూడా నేటికీ ఆ పుస్తకం తెరిచి తమ ఊరి పేరు చూసుకుంటాయి. మనకూ కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరుల వంటివారు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులున్నాయి. వాటిలో లేని సంగతుల్ని మీరు నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవచ్చు.

1. చేల పాత పేర్లు రాయండి. ఉప్పుచెక్క, లంకచేను, రేవుదొడ్డి లాంటి పేరు వింటే నేల గుణం సగం తెలిసినట్టే.

2. సర్వే నంబరు, అడంగల్, 1-బి, పాత ఎఫ్.ఎం.బి. నకళ్లు తెచ్చుకుని ఒకే చోట భద్రపరచండి. 2020 చివర మొదలైన రీసర్వేలో కొలత తేడా వచ్చినచోట రైతుకు దన్నుగా నిలిచేది ఈ పాత కాగితాలే. అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి.

3. మురుగు కాలువ, డొంక, పుంత మొదట ఎటు పోయేవో పెద్దల్ని అడిగి గీసుకోండి. చేపల చెరువు కింద కలిసిపోయిన మురుగు కాలువ మీ చేను మునగడానికి కారణం కావచ్చు. అర్జీకి ఆ గీతే ఆధారం.

4. ఉప్పు తగిలిన చెక్కల్లో విడివిడిగా మట్టి తీసి, రైతు సేవా కేంద్రం ద్వారా పరీక్షకు పంపండి. పాలచౌడైతే మంచినీరు పెట్టి మురుగులోకి వదలాలి. కారుచౌడైతే పరీక్ష ప్రకారం జిప్సం వేయాలి. రెండింటిలోనూ జీలుగ వేసి కలియదున్నితే మేలు. ఏది ఏదో తెలియకుండా జిప్సం బస్తాలు కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

5. ఏ ఏడు గాలివాన వచ్చింది, నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి, ఏ రకం వరి నిలబడింది అన్నవి తేదీతో రాయండి. పిల్లలకు చదువు వచ్చు, వాళ్లతో రాయించండి.

ఊరి పెద్దల్లో ఒకరు పోయినప్పుడల్లా పొలం గురించిన ఒక పుస్తకం పోయినట్టే. ఈ వేసవిలో దుక్కులు మొదలయ్యే లోపు ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. ఘంటసాల కథ రాతి మీద చెక్కినవాళ్లు ఉండబట్టి మనకు తెలిసింది. మీ చేను కథ మీరు రాస్తేనే తెలుస్తుంది.