టెక్సాస్‌లో ఇల్లు: శివారులోనా, పల్లెలోనా?

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి డాలస్ వైపు మారుతున్నాం. శివారు ఫ్రిస్కోలో చిన్న ఇల్లు కొనాలా, దూరంగా పల్లెలో రెండెకరాల్లో పెద్దిల్లు కొనాలా? మాకు బడికెళ్లే పిల్లలిద్దరు. అమ్మ మాతోనే ఉంటుంది.

జవాబు: ధర ఒక్కటే చూసి తేల్చకండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కానీ ఇంటిపన్ను బరువే. కొన్ని కొత్త కాలనీల్లో నీళ్లు, డ్రైనేజీ వసతుల కోసం 'మడ్' పన్ను అదనం. కొనబోయే ఇంటి పాత పన్ను రసీదు అడగండి. పల్లె ఇళ్లకు చాలావరకు బోరు, సెప్టిక్ ట్యాంకే ఆధారం. వాటి మరమ్మతులు మీవే. కొనేముందు నీటి పరీక్ష, ట్యాంకు తనిఖీ విడిగా చేయించండి. ఇంటర్నెట్ సంగతీ కనుక్కోండి.

అన్నిటికన్నా నాకు మీ అమ్మగారి గురించే బెంగ. ఆవిడ కారు నడపకపోతే పల్లెలో గడప దాటడానికి కూడా మీకోసం ఎదురుచూడాలి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉంది, తెలుగు మాట్లాడే ఇరుగుపొరుగు దొరుకుతారు. అందుకే నా ఓటు శివారుకే. ముందు ఒక ఏడాది అద్దెకుండి చూడండి. పిల్లల బడి సంగతికొస్తే, ఫ్రిస్కో అడ్రసులన్నీ ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లోకి రావు, ఇంటి పూర్తి అడ్రసుతో సరిచూసుకోండి.

అయినా పల్లె స్థలమే కొనాలనుకుంటే, సంతకం పెట్టేముందు స్థానిక రియల్ ఎస్టేట్ లాయరుకు కాగితాలు చూపించండి.