కీచురాయి పాట

వర్షాకాలపు రాత్రులయందు మన బరంపురపు పెరళ్లలోను, గంజాం జిల్లా పొలముగట్లపైనను ఎడతెగక వినవచ్చు ధ్వని కీచురాయిది. పాడునది మగపురుగు మాత్రమే. అదియు గొంతుతో గాదు, రెక్కలతో. ఒక ముందురెక్క అడుగున ఆకురాయివలె సన్నని పండ్ల వరుస కలదు. రెండవ రెక్క అంచు దానిపై రాయుటచే నాదము పుట్టును. ఆడుపురుగు ముంగాళ్లయందలి చెవులతో విని, తన జాతి పాటను గుర్తించి, ఆ దిక్కునకు నడచును.

1913లో రేగెన్ అను శాస్త్రజ్ఞుడు మగదాని పాటను టెలిఫోను ద్వారా వినిపింపగా, మగది కంటికి కనబడకున్నను ఆడుది ఆ యంత్రమును సమీపించినది. ఆకర్షణకు ధ్వని యొక్కటే చాలునని దీనివలన తేలినది.

మన దేశమున చెట్లపై నివసించు ఒక జాతి కీచురాళ్లలో ఆడుది బిగ్గరపాటనే మెచ్చును. మరి అల్పస్వరము గలదాని గతి యేమి? అది ఆకునకు రంధ్రము కొరికి, అందుండి పాడును. ఆకు ధ్వనిని హెచ్చించును. చిన్నవియు, మెల్లగా పాడునవియు ఈ యుపాయమును ఎక్కువగా అవలంబించునని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2020లో వెల్లడించిరి.

కీచురాయికి తన జాతి పాట పుట్టుకతోనే అబ్బును. మన బిడ్డలకు మాతృభాష అట్లు అబ్బదు. ఇంట మనము పలికిననే వచ్చును. కావున తల్లిదండ్రులారా, రాత్రివేళ ఆ పాటను బిడ్డలకు వినిపించి, ఆ పురుగు పేరును తెలుగున చెప్పుడు.