రేపు కూడా మన చేతికి రావాలి: పిల్లికి మందు మింగించే పద్ధతి

కోనసీమలో పిల్లికి ఇంట్లో పని ఉంటుంది. కొబ్బరికాయలు రాశి పోసిన కొట్టులో, ధాన్యం బస్తాలు పేర్చిన గదిలో, అటక మీద ఎలుకలు చేరకుండా చూసేది అదే. దానికి జబ్బు చేస్తే అమలాపురమో, రాజోలో, కొత్తపేటో తీసుకెళ్ళి పశువైద్యుడికి చూపిస్తాం. ఆయన సూది వేసి, మందుల చీటీ రాసి పంపిస్తారు. అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది. పశువైద్యశాలలో తరచూ వినిపించే మాట ఇదే: "మింగేసిందనుకున్నానండి డాక్టరుగారూ, తీరా చూస్తే గాబు ఎనకాల కక్కేసిందండి!"

పిల్లి మందు చాలాసార్లు ఒక పూటతో అయిపోదు. జలుబుకి రాసిన యాంటీబయాటిక్ రోజుల తరబడి వేయాలి. విషం తిన్న ఎలుకని పట్టి తిన్న పిల్లికి వారాల తరబడి బిళ్ళలు పడాలి. అందుకే ఈ పూట మింగించడం సగం పనే. రేపు ఈ పిల్లి భయపడకుండా మళ్ళీ మన ఒళ్ళోకి వస్తే మిగతా సగం పూర్తయినట్టు. బలవంతంగా నోరు పెగల్చి వేస్తే ఒక పూట గెలుస్తాం, మర్నాటి నుంచి అది దూలాల మీదే కాపురం పెడుతుంది. ఈ కింద చెప్పేదంతా రెండు సగాలూ కుదరడానికే.

డాక్టరుగారి దగ్గరే అడగాల్సినవి

మొదట బరువు. మందు మోతాదంతా దాని మీదే ఆధారపడుతుంది. పెద్ద పిల్లి సాధారణంగా మూడు నాలుగు కిలోలు తూగుతుంది. అంత చిన్న ఒంటికి అర కిలో తేడా వచ్చినా లెక్క మారిపోతుంది. ఇంట్లో కాటా ఉంటే మూత ఉన్న బుట్టలో పెట్టి తూచి, బుట్ట బరువు తీసేయండి.

తర్వాత మూడు ప్రశ్నలు. ఈ మందు తిండితో వేయాలా, పరగడుపున వేయాలా? ఈ బిళ్ళని విరవచ్చా, నలపవచ్చా? ఇదే మందు చుక్కల రూపంలో దొరుకుతుందా? కొన్ని బిళ్ళల మీది పూత మందు కడుపులో మెల్లగా కరగడానికి వేసింది. దాన్ని నలిపితే మందు పనితీరే చెడుతుంది. కొన్ని మందులు లోపల విపరీతమైన చేదు. మెట్రోనిడజోల్ అలాంటిదే. నలిపి నీళ్ళలో కలిపితే ఆ చేదంతా నాలుక మీద పరుచుకుంటుంది, మర్నాడు సిరంజి చూడగానే పిల్లి పారిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మందు. సూది తీసేసిన ఐదు మిల్లీలీటర్ల సిరంజిలో మంచినీళ్ళు. పాత తువ్వాలు. చిటికెడు నెయ్యి. పిల్లికి అన్నిటికంటే ఇష్టమైన తినుబండారం. బిళ్ళ విరవాల్సి ఉంటే ముందే విరిచి ఉంచండి. ఇవన్నీ సిద్ధమయ్యాకే పిల్లిని తీసుకురండి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బిళ్ళ కోసం రేకు చింపుతూ కూర్చుంటే, రెండో రోజుకి ఆ రేకు చప్పుడే దానికి హెచ్చరిక అవుతుంది.

వసారాలో వద్దు. తలుపు వేసిన చిన్న గది మంచిది. మంచం కింద, బీరువా వెనక దూరే సందు ఉంటే ముందే మూసేయండి. టీవీ ఆపండి, పిల్లల్ని బయటికి పంపండి. రోజూ ఒకే వేళ, ఒకే మనిషి వేస్తే పిల్లి త్వరగా అలవాటు పడుతుంది.

మొదటి మెట్టు: తిండిలో దాచడం

తిండితో వేయవచ్చని డాక్టరుగారు చెప్పి, పిల్లి ఆకలిగా తింటూ ఉంటే ముందు ఈ దారే చూడాలి. ముల్లు తీసిన ఉడికిన చేప గుజ్జుని గోళీ అంత ఉండలుగా మూడు చేయండి. రెండో దాంట్లో మాత్రమే బిళ్ళ. పిల్లి ఆకలి మీద ఉన్నప్పుడు మొదటి ఉండ ఇవ్వండి. అది మింగుతుండగానే రెండోది పెట్టండి, మూడోది ముక్కు దగ్గరే ఆడించండి. మూడోదాని ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగుతుంది. బిళ్ళ పట్టుకున్న చేత్తో ఉండ పై భాగం తాకకండి. వేళ్ళకంటిన మందు పొడి వాసన పిల్లి ఇట్టే పసిగడుతుంది.

ఉడికిన కోడి మాంసమైనా, రొయ్య ముక్కయినా పనికొస్తుంది. ఎండు మెత్తళ్ళయితే ఉప్పు పోయేలా కడిగి చిటికెడు వాడండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర మాత్రం వద్దు. అవి పిల్లి రక్తంలోని ఎర్రకణాలని విరిచేస్తాయి. బెల్లం, పంచదార, అరటిపండుతో చేదు కప్పాలని చూడకండి. పిల్లి నాలుకకి తీపి తెలియదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని అమెరికాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. కొవ్వు, మాంసం రుచి దానికి బాగా తెలుసు. దాచాలంటే వాటిలోనే దాచాలి.

పాలు, పెరుగు కూడా జాగ్రత్త. డాక్సీసైక్లిన్ లాంటి మందుని పాలలోని కాల్షియం పట్టేసుకుని ఒంటికి అందనీయదు. పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు, విరేచనాలవుతాయి.

రోజూ తినే అన్నం గిన్నెలో మందు కలపకండి. సగం వదిలేస్తే ఎంత మందు పడిందో లెక్క తెలియదు. ఆ చేదు గుర్తుండిపోయి గిన్నెనే వదిలేస్తే మరీ ప్రమాదం. పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు పట్టుకుంటుంది.

రెండో మెట్టు: తువ్వాలు చుట్టడం

తిండి దారి మూసుకుపోతే చేత్తో వేయాలి. తువ్వాలు పరిచి మధ్యలో పిల్లిని కూర్చోబెట్టండి, తల మీ వైపు కాకుండా అటు వైపు ఉండాలి. ఎడమ అంచు మెడ కింద నుంచి తెచ్చి వీపు మీదికి వేయండి, కుడి అంచు దాని మీదికి మడవండి, వెనక అంచు లోపలికి దోపండి. ఆత్రేయపురంలో పూతరేకు మడిచినట్టు పొర మీద పొర పడాలి. ముందు కాళ్ళు రెండూ లోపలే ఉండాలి, తల మాత్రమే బయట. మెడ దగ్గర మీ రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచండి.

మెడ మీది చర్మం పట్టి లేపకండి. తల్లి పిల్లి కూనని అలా మోస్తుందని పెద్ద పిల్లినీ అలా పట్టేవాళ్ళున్నారు. నాలుగు కిలోల ఒంటికి అది నొప్పి, భయం.

మూడో మెట్టు: బిళ్ళ వేయడం

చుట్టిన పిల్లిని బల్ల మీద పెట్టి, దాని వీపు మీ పొట్టకి ఆనేలా నిలబడండి. వెనక్కి జరగడానికి దారి ఉండదు. బిళ్ళకి కాస్త నెయ్యి రాయండి, జారుతుంది.

ఎడమ చెయ్యి తల మీద నుంచి తెచ్చి, బొటనవేలు ఒక చెంప ఎముక మీద, నడిమివేలు రెండో చెంప ఎముక మీద ఆనించండి. మీసాలు నలగకూడదు. ముక్కు పైకప్పుని చూసేలా తలని మెల్లగా ఎత్తండి. అంత ఎత్తు రాగానే కింది దవడ తనంతట తనే కాస్త వదులవుతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య బిళ్ళ ఉంటుంది కాబట్టి నడిమివేలితో కింది ముందుపళ్ళని కిందికి నొక్కండి. నోరు తెరుచుకున్న ఆ క్షణంలోనే బిళ్ళని నాలుక మూపు దాటి, వెనక నడిమధ్యన పడేయాలి. నాలుక ముందు భాగంలో పడితే తిరిగి బయటికే వస్తుంది. పక్కపళ్ళ మధ్య వేలు పెట్టకండి.

వెంటనే నోరు మూసి తల మామూలు ఎత్తుకి దించండి. తల ఎత్తే ఉంచితే మింగడం కష్టం. గొంతు మీద పై నుంచి కిందికి వేలితో నిమరండి. నాలుక బయటికి వచ్చి ముక్కుని ఒక్కసారి నాకితే మింగినట్టు. నాకకుండా బిగుసుకుని ఎటో చూస్తోందంటే బిళ్ళ ఇంకా చెంపలోనే ఉందని అర్థం. అలాంటిదాన్ని వదిలితే నేరుగా గాబు వెనక్కే పోతుంది. ముక్కు నాకేదాకా వదలకండి.

వేళ్ళకి ధైర్యం చాలనివాళ్ళకి పొడవాటి గొట్టం లాంటి పిల్ పాపర్ దొరుకుతుంది. మొనలో బిళ్ళ పెట్టి నాలుక వెనక దించి నొక్కడమే.

నాలుగో మెట్టు: నీళ్ళు

అందరూ వదిలేసే మెట్టు ఇదే, వదలకూడనిదీ ఇదే. పొడిగా మింగిన బిళ్ళ పిల్లి అన్నవాహికలో చాలాసేపు ఇరుక్కుపోతుంది. డాక్సీసైక్లిన్, క్లిండామైసిన్ లాంటివి అక్కడే కరిగితే లోపలి పొర కాలి పుండు పడుతుంది. ఆ పుండు మానుతూ వాహిక సన్నబడిపోతే పిల్లి ఏం తిన్నా కక్కేస్తుంది. జలుబు తగ్గించబోయి అంతకంటే పెద్ద జబ్బు తెచ్చినవాళ్ళమవుతాం.

బిళ్ళ పడగానే సిరంజితో ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించండి, లేదా ఇష్టంగా తినే ముద్ద వెంటనే పెట్టండి. ఆ తర్వాత తువ్వాలు విప్పి రొయ్య ముక్క ఇచ్చి, అది వెళ్తానంటే వెళ్ళనివ్వండి. ఆఖరున దక్కిన రుచి దానికి గుర్తుంటుంది.

చుక్కల మందయితే

తల ఎత్తకండి. ఎత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల మామూలుగా ఉండగానే కోరపంటి వెనక ఉండే ఖాళీలోంచి సిరంజి మొనని చెంప సంచిలోకి పెట్టండి. అర మిల్లీలీటరు వదలండి, మింగనివ్వండి, మళ్ళీ అర. చేదు తగిలి నోట్లోంచి నురగ ధారగా కారితే కంగారుపడకండి. అది చేదుకి వచ్చే నురగ, కాసేపటికి ఆగుతుంది. కక్కిందని అదే మోతాదు మళ్ళీ వేయకండి, డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి.

కొబ్బరితోట పిల్లికి ఒక మాట

ఎలుకలు కొబ్బరిచెట్ల మొవ్వుల్లో చేరి లేతకాయలు కొరికేస్తాయని రైతులు బ్రోమాడయోలోన్ ఎర పెడతారు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది, పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఆ విషం పిల్లి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం కారినా, మలం నల్లగా వచ్చినా, ఆయాసపడుతున్నా ఆ రోజే చూపించాలి. దీనికి విరుగుడు కె1 విటమిన్. డాక్టరు సూదితో మొదలుపెట్టినా తర్వాత వారాల తరబడి బిళ్ళలే దిక్కు. ఈ విటమిన్ కొవ్వున్న తిండితో బాగా ఒంటబడుతుంది కాబట్టి చేప ఉండ పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. పిల్లి హుషారుగా తిరుగుతోందని మధ్యలో ఆపేస్తే లోపల మళ్ళీ రక్తస్రావం మొదలవుతుంది.

లంక గ్రామాలవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. గోదావరికి వరద వస్తే చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోయి రాకపోకలు పడవల మీదే సాగుతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా నడుస్తున్న కోర్సు ఏదైనా ఉంటే వారానికి సరిపడా మందు ముందే తెచ్చి, తడవని డబ్బాలో ఉంచండి.

ఎప్పుడూ వేయకూడనివి

మన పారాసిటమాల్ పిల్లికి విషం. మన కాలేయం దాన్ని విరిచి బయటికి పంపే పద్ధతి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క బిళ్ళ ప్రాణం తీయగలదు. పొరపాటున పడితే చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. గంట కూడా ఆగకుండా తీసుకెళ్ళాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా సొంతంగా వేయకండి. కుక్కల ఒంటి మీద వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి వేస్తే వణుకు, మూర్ఛ వస్తాయి. గేదెకి తెచ్చిన నట్టల మందులో చుక్క తీసి పోయడం కూడా తప్పే.

మందు వేసేటప్పుడు పిల్లి మిమ్మల్ని కరిస్తే ఆ చోటుని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లి పళ్ళు సన్నగా లోతుగా దిగుతాయి, పైకి చిన్నగా కనిపించినా లోపల చీము పడుతుంది. రేబిస్ టీకా సంగతి కూడా అక్కడే తేలుతుంది. 1885 జూలై 6న ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ తొలిసారి మనిషికి రేబిస్ టీకా వేయించారు. దాని గుర్తుగా ఏటా ఆ తేదీన మన పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకి ఉచితంగా టీకాలు వేయడం ఆనవాయితీ. పిల్లినీ తీసుకెళ్ళండి.

ఒంట్లో బాగున్నప్పుడే మొదలుపెట్టండి

మందు మింగించడం జబ్బు వచ్చాక నేర్పే విద్య కాదు. ఇంట్లో కూన ఉంటే ఇవాళే మొదలుపెట్టండి. పడుకునే ముందు తల మీద చెయ్యి వేసి దవడలు తాకండి, పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడండి, సిరంజితో చేప ఉడికించిన నీళ్ళు రెండు చుక్కలు పట్టండి, తువ్వాలులో చుట్టి విప్పి చిన్న ముక్క పెట్టండి. సిరంజి కనబడితే రుచైనది వస్తుందని నేర్చుకున్న పిల్లి పెద్దయ్యాక దాన్ని చూసి పారిపోదు. ఆరోగ్యంగా ఉన్న చిగుళ్ళ రంగు తెలిసినవాళ్ళకి అవి పాలిపోయిన రోజు వెంటనే తెలుస్తుంది, వైద్యం ఒక రోజు ముందు మొదలవుతుంది. ఎలుకల మందు తిన్న పిల్లికి ఆ ఒక్క రోజే ప్రాణం నిలబెట్టవచ్చు.