ఏ ఎరుపు?

పిల్లలూ, ఈసారి బదిలీలో భోపాల్‌కు వస్తుంటే, లారీలో మా నాన్నగారి పాత ఎర్ర కారు తలుపు గీసుకుపోయింది. రంగుల కొట్టుకు వెళ్లి "లాల్ రంగు కావాలి" అన్నాను. "కౌన్సా లాల్?" అన్నాడాయన. తెలుగు మాస్టారినైనా తడబడ్డాను. కుంకుమదీ ఎరుపే, దానిమ్మ గింజదీ, ఇటుకదీ ఎరుపే. మా కారుది ఏదీ కాదు!

కంపెనీ వేసిన రంగు సంఖ్య చాలా కార్లలో బానెట్ కిందో, తలుపు పక్కనో చిన్న పట్టీ మీద ఉంటుంది. దాన్ని చూసి రంగుల్ని గ్రాముల లెక్కన తూచి కలుపుతారు. కలిపాడు, కుదరలేదు. ఆ సంఖ్య కొత్త కారుది. మాది ఏళ్లపాటు ఎండకు వెలిసింది.

(వాన వెలిసింది, దేవుడు వెలిశాడు, రంగు వెలిసింది. మూడింటి అర్థాలూ రాసుకోండి.)

పెట్రోలు ట్యాంకు మీది చిన్న మూతను విప్పి తెమ్మన్నాడు. కలిపిన రంగును అట్టముక్కకు పూసి, ఆరనిచ్చి, మూత పక్కన పెట్టాడు. తడి రంగును నమ్మకూడదట. ట్యూబులైటు కింద ఒకేలా ఉన్నవి ఎండలోకి తేగానే వేరుగా కనిపించాయి. మరి రెండు చుక్కలు తెలుపు వేశాడు. మూడోసారికి నాన్నగారి ఎరుపు వచ్చింది.

అభ్యాసం: మీ ఇంట్లోని ఒక ఎర్రటి వస్తువు రంగును, 'ఎరుపు' అనే మాట వాడకుండా, మూడు వాక్యాల్లో రాయండి.