కడప నుంచి ఆల్ప్స్ దాకా: ఒంటరి రైలు యాత్రకు 17 చిట్కాలు

మన రైళ్ళలో నీళ్ళ బాటిల్ కోసం కిందికి దిగాలంటే పక్క సీటు మనిషితో "అక్కా, ఈ సంచి కొంచెం చూస్తాండు" అని చెప్పి దిగిపోతాం. యూరప్‌లో ఒక్కరే తిరిగేటప్పుడు ఆ వీలుండదు. టాయిలెట్‌కు పోయినా, ప్లాట్‌ఫారం మారినా, మెట్లెక్కినా పెట్టె మీ వెంట రావాల్సిందే. అందుకే ఎన్ని ఊళ్ళు చూడాలి, ఎక్కడ దిగాలి, ఏం సర్దుకోవాలి అన్నవన్నీ సామాను దగ్గరే తేలతాయి. కడప, కర్నూలు ఇళ్ళ నుంచి ఎండాకాలంలో మొదటిసారి ఒంటరిగా బయల్దేరే వాళ్ళ కోసం ఈ చిట్కాలు.

1. ముందు ఇంటి దగ్గరే ఒక ప్రాక్టీసు చేయండి. ఒక్కరే రైల్లో తిరగడం అలవాటు లేకపోతే నంద్యాల–ఎర్రగుంట్ల లైన్ మీద రెండు రోజులు తిరిగి రండి. 2016లో మొదలైన ఈ దారి బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. జమ్మలమడుగులో దిగితే గండికోట దగ్గరే. విదేశానికి పట్టుకుపోవాలనుకున్న పెట్టెనే ఇప్పుడూ పట్టుకుపోండి. ఆటో ఎక్కించేటప్పుడు, ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు బరువు అనిపిస్తే అందులోంచి మూడో వంతు తీసేయాల్సిందేనని అర్థం.

2. పాస్‌పోర్టులో తేదీలు చూడండి. కువైట్‌కు పోయివచ్చే కుటుంబాలున్న కడప జిల్లాలో పాస్‌పోర్టు కొత్త విషయమేమీ కాదు. అయినా షెంగెన్ వీసాకు మూడు షరతులు విడిగా చూసుకోవాలి. పాస్‌పోర్టు గత 10 ఏళ్ళలో ఇచ్చినదై ఉండాలి. మీరు అక్కడి నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి. రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. కొత్తది కావాలంటే కడప, కర్నూలు రెండు చోట్లా పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. ఇంటిపేరు ఆధార్‌లో ఒక రకంగా, బ్యాంకులో ఒక రకంగా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి.

3. మే కన్నా జూన్ మేలు. మనకు సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి గానీ ఆల్ప్స్ కొండల్లో మే నెలలో ఇంకా మంచు ఉంటుంది. చాలా కేబుల్ కార్లు మరమ్మతుల కోసం ఆపేసి ఉంటారు. జులై, ఆగస్టుల్లో అక్కడి పిల్లలకు సెలవులు కాబట్టి రైళ్ళు, గదులు కిక్కిరిసిపోతాయి. జూన్ మొదటి మూడు వారాలు అనుకూలం. పారిస్‌లో జూన్ చివర రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది. ఒంటరిగా తిరిగే వాళ్ళకు, అందులోనూ ఆడవాళ్ళకు, అది పెద్ద ధైర్యం.

4. ఊళ్ళు తగ్గించండి, మకాం పెంచండి. పది రోజుల్లో ఏడు ఊళ్ళు అంటే ఏడుసార్లు పెట్టె సర్దాలి, ఏడుసార్లు మొయ్యాలి. రెండు మూడు ఊళ్ళలోనే బస పెట్టుకోండి. పొద్దున భుజాన చిన్న సంచితో రైలెక్కి చుట్టుపక్కల చూసి, సాయంత్రం అదే గదికి రండి. చూసేవి తగ్గవు, మోసేది తగ్గుతుంది.

5. ఒక నమూనా దారి. జ్యూరిక్‌లో విమానం దిగండి. విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, గంట ప్రయాణంలో లుజర్న్ వస్తుంది. అక్కడ 4 రాత్రులు. ఒక రోజు పడవలో విట్జ్‌నౌ పోయి రీగీ కొండ రైలెక్కండి. పళ్ళ పట్టాలు పట్టుకుని కొండెక్కే రైళ్ళలో యూరప్‌కు ఇదే మొదటిది, 1871లో మొదలైంది. కడప, గుత్తి మీదుగా పోయే మద్రాసు–బొంబాయి రైలుదారి రాయచూరు దగ్గర కలిసింది కూడా ఆ ఏడాదే. తర్వాత కూర్‌లో 2 రాత్రులు. అక్కడి నుంచి బెర్నీనా దారిలో ఇటలీ సరిహద్దులోని తిరానో చేరండి. ఈ రైలు 2,253 మీటర్ల ఎత్తు దాకా పళ్ళ పట్టాలేమీ లేకుండానే ఎక్కి, మళ్ళీ ద్రాక్షతోటల లోయలోకి దిగుతుంది. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తిరానో నుంచి కోమో సరస్సు పక్కగా మిలాన్. అక్కడ 3 రాత్రులుండి, తిరుగు విమానం మిలాన్ నుంచే ఎక్కండి. మళ్ళీ జ్యూరిక్‌కు వెనక్కి రావాల్సిన పని ఉండదు.

6. వీసా ఏ దేశానిదో రాత్రులు లెక్కపెట్టి తేల్చండి. షెంగెన్‌లో 29 దేశాలున్నాయి, వీసా ఒకటే. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పై దారిలో స్విట్జర్లాండ్‌లో 6, ఇటలీలో 3 రాత్రులు కాబట్టి స్విస్ వీసా. లండన్ కూడా చూడాలంటే బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. మొదటి యాత్రలో దాన్ని వదిలేయడమే తేలిక.

7. వీసా కాగితాలు ఒకే కథ చెప్పాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కొన్నిసార్లు 45 రోజులు కూడా పట్టొచ్చు. పెద్దవాళ్ళకు 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. వైద్యబీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. గది బుకింగులు, విమానం, రైలు ప్లాను, బీమా తేదీలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒక్కరే ఎందుకు పోతున్నారు, ఖర్చు ఎవరిది, తిరిగొచ్చి ఏం చేస్తారు అన్నది ఒక పేజీలో సూటిగా రాసివ్వండి. ఉద్యోగమైతే సెలవు మంజూరు ఉత్తరం, రైతులైతే పట్టాదారు పాస్‌బుక్కు, వ్యాపారమైతే పన్ను రిటర్నులు జతచేయండి. బ్యాంకు ఖాతాలో చివరి వారం ఒకేసారి పెద్ద మొత్తం వేస్తే అనుమానానికి తావిచ్చినట్టే. వేలిముద్రలకు హైదరాబాద్ పోవాల్సి వస్తుంది కాబట్టి ఆ రోజూ లెక్కలో పెట్టుకోండి.

8. పాసా, టికెట్టా? కాగితం మీద లెక్క వేయండి. యురేల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. 27 ఏళ్ళ దాకా వయసున్న వాళ్ళకు, 60 నిండిన వాళ్ళకు తగ్గింపు ఉంది. స్విట్జర్లాండ్ మాత్రమే అయితే స్విస్ ట్రావెల్ పాస్‌లో రైళ్ళతో పాటు బస్సులు, పడవలు, రీగీ కొండ రైలు కూడా వస్తాయి. తిరానో దాకా ఇది చెల్లుతుంది, అక్కడి నుంచి మిలాన్‌కు విడి టికెట్ చాలు. రెండు మూడు పెద్ద ప్రయాణాలే ఉంటే, తేదీలు ఖాయమైతే, ముందుగా కొన్న విడి టికెట్లే చౌక పడొచ్చు. ప్రతి ప్రయాణం ధర రాసి కూడితే ఏది లాభమో పది నిమిషాల్లో తేలిపోతుంది.

9. పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ ఫ్రెచ్చారొస్సా, స్పెయిన్ ఏవీఈ రైళ్ళలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరే డబ్బు కట్టాలి. జర్మనీ ఐసీఈలో అది మీ ఇష్టం. స్విట్జర్లాండ్‌లో చాలా రైళ్ళకు అక్కర్లేదు. పెద్ద అద్దాల బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషన్ తప్పనిసరి. అదే పట్టాల మీద పోయే మామూలు రైలుకు అవసరం లేదు, కొండలు అవే కనపడతాయి. ఫోన్ యాప్‌లో పాస్ వాడేవాళ్ళు రైలెక్కే ముందే ఆ ప్రయాణాన్ని పాస్‌కు జోడించాలి. ఎక్కాక చేద్దాంలే అనుకుంటే జరిమానా పడొచ్చు.

10. గది స్టేషన్‌కు నడక దూరంలో తీసుకోండి. ధర కాస్త ఎక్కువైనా టాక్సీ ఖర్చు, ఆందోళన రెండూ మిగులుతాయి. స్టేషన్ ఎదుటి వీధి కన్నా రెండు మూడు వీధులు అవతల ప్రశాంతంగా ఉంటుంది. లిఫ్ట్ ఉందా, రిసెప్షన్ రాత్రి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది, ఏసీ ఉందా అని బుక్ చేసే ముందే చూడండి. అక్కడి పాత హోటళ్ళలో లిఫ్ట్ లేని మూడో అంతస్తు మామూలే.

11. పెట్టె 8 కిలోలు దాటనీయొద్దు. అక్కడ కూలీలు ఉండరు. ప్లాట్‌ఫారం మారే టైము కొన్నిచోట్ల ఐదారు నిమిషాలే. నాలుగు జతలు, త్వరగా ఆరే బట్టలు, ఒక పల్చటి స్వెట్టర్, వాన కోటు, అలవాటైన బూట్లు చాలు. కొత్త బూట్లు కొనుక్కుని నేరుగా విమానమెక్కొద్దు. రాత్రి గదిలో ఉతుక్కుని ఆరేసుకోవడానికి సన్నతాడు, చిన్న సబ్బు ముక్క పెట్టుకోండి. రెండు గుండ్రటి పుల్లల చార్జర్ అక్కడ చాలా చోట్ల పడుతుంది, మూడు పుల్లలది పట్టదు. ఒక అడాప్టర్ తప్పనిసరి.

12. పొడులు, బొరుగులు మీ ధైర్యం. పప్పుల పొడి, నువ్వుల పొడి, చెనిక్కాయల పొడి చిన్న పొట్లాలుగా గట్టిగా సీలు చేసి, విమానంలో లగేజీలో వేసే పెట్టెలో పెట్టండి. కారప్పొడి చేతిసంచిలో పోనివ్వరు. బొరుగులకు బరువు లేదు, పొయ్యి అక్కర్లేదు. పొడి కలిపి రైల్లో తినొచ్చు. కరకరలాడే ఎండు జొన్నరొట్టెలు కొన్ని రోజులు నిలవుంటాయి. పెరుగు, రొట్టె, పండ్లు అక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. పెద్ద స్టేషన్లలోవి తెరిచే ఉంటాయి.

13. నెయ్యి, మామిడిపండ్లు ఇంట్లోనే ఉంచండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. నేతి డబ్బా, పాలకోవా ఆశ వదులుకోండి. తాజా పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. పండు ఈగ సమస్యతో 2014 మేలో మన దేశపు మామిడినే అక్కడ నిషేధించారు. 2015లో గానీ ఎత్తేయలేదు. బంధువుల కోసమని బనగానపల్లె పండ్లు రెండు సర్దినా తనిఖీలో పోగొట్టుకుంటారు. ఎండుకొబ్బరి చిప్పలకు నూనె వల్ల మంటంటుకునే గుణం ఉంది కాబట్టి విమానంలో వాటికీ అనుమతి లేదు.

14. ఎండ మాకేం కొత్త అనుకోవద్దు. పారిస్‌లో 2019 జులై 25న 42.6 డిగ్రీలు నమోదైంది. మన ఇళ్ళలో ఫ్యాన్లుంటాయి, అక్కడ చాలా గదుల్లో ఫ్యానూ ఉండదు, ఏసీ ఉండదు. చలికి వేడి నిలిచేలా కట్టిన గోడలు వేసవిలో ఆ వేడిని వదలవు. ఇక్కడ చేసినట్టే పగలు కిటికీలు, కర్టెన్లు మూసి, రాత్రి తెరవండి. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా మ్యూజియంలోనో, ఏసీ రైల్లోనో గడపండి. రోమ్‌లో వీధి కుళాయిలు, స్విస్ ఊళ్ళలో రాతి తొట్ల ధారలు తాగడానికి మంచివే. తాగకూడని నీళ్ళయితే బోర్డు ఉంటుంది. రైలు టాయిలెట్ కుళాయి నీళ్ళు మాత్రం తాగొద్దు.

15. ప్లాట్‌ఫారం మీద నాలుగు జాగ్రత్తలు. ఒకటి, సమయాలు 24 గంటల లెక్కలో ఉంటాయి, రైలు నిమిషం ఆగదు. రెండు, కొన్ని రైళ్ళు మధ్యలో విడిపోయి సగం బోగీలు ఒక ఊరికి, సగం ఇంకో ఊరికి పోతాయి. మీరెక్కే బోగీ మీద రాసిన ఊరిపేరు చూడండి. మూడు, చాలా తలుపులు బటన్ నొక్కితేనే తెరుచుకుంటాయి. నాలుగు, ఇటలీలో ప్యాసింజర్ రైలు కాగితం టికెట్‌ను ఎక్కే ముందే మెషీన్‌లో ముద్ర వేయించాలి. యూరోపియన్ యూనియన్ రైళ్ళలో కొన్న టికెట్ మీద గంట ఆలస్యమైతే ధరలో పావు వంతు, రెండు గంటలైతే సగం తిరిగి అడగొచ్చు. అందుకే టికెట్ పారేయొద్దు.

16. డబ్బు రెండు చోట్ల, కబురు రోజుకొకసారి. ఒక ఫారెక్స్ కార్డు, ఇంకో బ్యాంకు కార్డు వేర్వేరు జేబుల్లో పెట్టండి. స్విట్జర్లాండ్‌లో యూరోలు కాదు, ఫ్రాంకులు. కార్డు మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని, ఆ దేశం డబ్బునే ఎంచుకోండి. రూపాయల్లో అంటే మారకం ధర ఎక్కువ పడుతుంది. చిల్లర కొంత ఉండాలి, స్టేషన్ టాయిలెట్లకు డబ్బు తీసుకుంటారు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. మీరు రాత్రి 7కి గది చేరేసరికి ఇంట్లో పదిన్నర. పడుకునే ముందు వాళ్ళు చూసేలా "గది చేరాను" అన్న ఒక్క మాట ఆ వేళకే పంపండి. ఆపద వస్తే ఏ దేశంలోనైనా 112. రాత్రి రైలు ఎక్కాలనుకునే ఆడవాళ్ళు ఆస్ట్రియా నైట్‌జెట్‌లో మహిళల కంపార్ట్‌మెంట్ ఎంచుకోవచ్చు. దారి పొడుగునా కబురు రాయడం మనకు పాత అలవాటే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా పోతూ మజిలీలు, నీళ్ళు, బస వివరాలు మిత్రుడికి రాస్తూ వచ్చాడు. మీరూ రోజుకు నాలుగు వాక్యాలు ఇంటికి రాస్తే, వచ్చే ఏడాది మీ తర్వాత పోయే వాళ్ళకు అదే గైడు.

17. గోడ క్యాలెండర్ మీద వెనక నుంచి రాసుకోండి. జూన్ 5న విమానం అనుకుందాం. డిసెంబరులో పాస్‌పోర్టు, ఊళ్ళ జాబితా. ఫిబ్రవరిలో రద్దు చేసుకోగల గదులు. మార్చిలో వీసా అపాయింట్‌మెంట్, బీమా. వీసా చేతికొచ్చాకే డబ్బు వాపసు రాని టికెట్లు, పాస్, రైలు సీట్లు. మన రైళ్ళకు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి హైదరాబాద్‌కో, చెన్నైకో పోయే టికెట్ ఏప్రిల్ మొదట్లోనే తీసుకోండి. విమానానికి ఒకరోజు ముందే ఆ ఊరు చేరేలా చూసుకోండి. మే చివరి ఆదివారం పెట్టె సర్ది, ఎత్తుకుని మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. ఆయాసం వస్తే తీసేయాల్సినవి ఇంకా ఉన్నాయి.